చెర్రీ బార్బ్‌లు రంగు పోయి దాక్కుంటున్నాయి, ఏం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఇదే ఇబ్బంది చాలామందికి ఉంటుంది కాబట్టి, మిగతావాళ్లకూ అర్థమయ్యేలా నీ సంగతి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. ఇల్లు కాజీపేటలో, రెండడుగుల చేపల ట్యాంకు. మొదట ఏంజిల్ చేపలతో పాటు టైగర్ బార్బ్‌లు వేశావు. అవి ఏంజిల్‌ల రెక్కలు కొరికి కొరికి చంపేశాయి. టైగర్లను బకెట్లోకి మార్చి, ట్యాంకు, కంకర, ఫిల్టర్ స్పాంజి అన్నీ నల్లా కింద శుభ్రంగా కడిగి, గొడవ పెట్టని బార్బ్ కావాలని షాపులో అడిగావు. వాళ్లు చెర్రీ బార్బ్ చూపిస్తే, బాగా ఎర్రగా ఉన్న నాలుగింటిని ఏరి తెచ్చుకున్నావు. వారం తిరక్కుండా రెండు పోయాయి. మిగిలిన రెండూ తెల్లబోయి ఫిల్టర్ వెనకాల దూరి ఉంటున్నాయి. నీలం మందు వేసినా గుణం లేదు. ఇది ఏ జబ్బు, రంగు రావడానికి ఏ మేత వేయాలి, మన ఎండాకాలాన్ని తట్టుకుంటాయా, బకెట్లో ఉన్న టైగర్లను చెరువులో వదిలేయొచ్చా అని అడిగావు.

ఇది జబ్బు లాగా లేదు. ఒంటి మీద తెల్ల చుక్కలు, పుండ్లు, కుళ్లిన రెక్కలు ఏమీ లేవని నువ్వే రాశావు. అందుకని మందు ఈరోజే ఆపెయ్యి. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. నీ ట్యాంకుకు ఇప్పుడు అత్యవసరంగా కావలసింది ఆ బ్యాక్టీరియానే.

ముందు ఆ రెండు చేపలు ఎందుకు పోయాయో చూద్దాం. చేప వదిలే వ్యర్థం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. స్పాంజిలో, కంకరలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషమే. నైట్రేట్ మాత్రం నీళ్లు మారుస్తూ ఉంటే పెద్ద ఇబ్బంది పెట్టదు. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నువ్వు అన్నీ నల్లా నీళ్లతో కడిగేసరికి, ఆ నీళ్లలోని క్లోరిన్‌కు అప్పటిదాకా ఉన్నది కూడా చాలావరకు పోయి ఉంటుంది. అంటే పాత ట్యాంకే అయినా చేపల లెక్కలో అది కొత్తదే. దానికి తోడు బోరు నీళ్లు పోశావు. మన వైపు చాలా బోర్లలో నీళ్లు గట్టివి, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువ. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, 7.5 నుంచి 8 పైన ఉంటుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు పది రెట్లవుతుంది. మెత్తటి నీళ్లున్న ఊళ్లో తట్టుకోగలిగిన అమ్మోనియాకే మన దగ్గర చేప పోతుంది.

కాబట్టి ఈ నెల రోజులూ కొత్త చేపలు తేవద్దు. ఉన్న రెండింటికి రోజుకు ఒక్కసారి, చిన్న చిటికెడు మించకుండా మేత వెయ్యి. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చు. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొను, మందుల మీద పెట్టే డబ్బు కన్నా అది మేలు. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా చేపలు బాగున్న ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిని మీ ట్యాంకు నీళ్లలో పిండించుకో. మట్టి రంగు మురికి దిగుతుంది. చూడటానికి బాగుండదు, కానీ అందులో ఉన్నది నీకు కావలసిన బ్యాక్టీరియానే. రెండు రోజుల్లో నీళ్లు తేటపడతాయి. ఇకముందు స్పాంజిని ఎప్పుడు కడిగినా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే కడుగు.

ఇక దాక్కోవడం, రంగు పోవడం. ఇక్కడ ఆ చేప సొంత ఊరి సంగతి తెలియాలి. చెర్రీ బార్బ్ శ్రీలంకది. ఆ దేశపు నైరుతి భాగంలో, కెలణి నది నుంచి నిల్వళ నది దాకా ఉన్న తడి అడవుల చిన్న వాగుల్లో పుట్టింది. దెరణియగల అనే శాస్త్రవేత్త 1929లో దీన్ని పుంటియస్ టిట్టేయా అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. మన బొచ్చె, రవ్వు, బంగారుతీగ, చెరువుల్లో వలకు పడే పరకలు, అన్నీ దీని కుటుంబమే. కానీ ఉండే తీరు వేరు. ఆ వాగుల మీద చెట్ల కొమ్మలు కమ్ముకుని ఉంటాయి. నీళ్లు మెల్లగా పారుతాయి, అడుగున రాలిన ఆకులు పరుచుకుని ఉంటాయి. రెండంగుళాలకు మించని ఈ చేప ఆ నీడలోనే తిని, ఆ నీడలోనే జత కడుతుంది. బార్బ్ అంటే కొట్లాట చేప అనే పేరు టైగర్ బార్బ్ వల్ల వచ్చింది. చెర్రీ ఎవరి జోలికీ పోదు, మహా బిడియం దానికి.

అలాంటి చేపను తెల్ల కంకర మీద, పన్నెండు గంటలు వెలిగే ఎల్‌ఈడీ కింద, ఒక ప్లాస్టిక్ కోట తప్ప అడ్డం ఏమీ లేని ట్యాంకులో వేశావు. నాలుగు వైపుల నుంచీ అద్దం. అది ఎక్కడికి పోతుంది? నీ ట్యాంకులో నీడ ఉన్నది ఫిల్టర్ వెనకాలే, అక్కడికే పోయింది. రంగు కూడా అందుకే పోయింది. అడుగు తెల్లగా ఉంటే చాలా చేపలు శత్రువు కంట పడకుండా ఒంటి రంగు తగ్గించుకుంటాయి. బెదిరిన చేప ఇంకా తగ్గించుకుంటుంది. ఇది మేతతో తీరేది కాదు.

చాలామందికి నమ్మకం కలగని మాట ఒకటి చెప్తాను. దాక్కునే చోట్లు ఎంత పెంచితే ఈ చేప అంత ఎక్కువగా బయట తిరుగుతుంది. ఒక్క మూల మాత్రమే నీడ ఉంటే ఆ మూల వదలదు. ట్యాంకు నిండా అడుగడుగునా మొక్క ఉంటే, ఏ క్షణమైనా దూరిపోవచ్చన్న ధైర్యంతో మధ్యలోకి వస్తుంది. నేను చాలా ఏళ్లుగా హనుమకొండలో ఈ చేపలు పెంచుతున్నాను, ఎవరి ఇంట్లో చూసినా ఇదే జరిగింది.

తెల్ల కంకర తీసేసి ముదురు రంగు ఇసుకో, సన్న కంకరో వెయ్యి. ఇల్లు కట్టేచోట దొరికే మానేరు ఇసుక కూడా పనికొస్తుంది, కాకపోతే బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కొంచెం ఇసుక మీద నిమ్మరసం చుక్కలు వేసి చూడు. బుడగలు పొంగితే అందులో సున్నం, గవ్వల ముక్కలు ఉన్నట్టు. అది వద్దు, నీళ్లు ఇంకా గట్టిపడతాయి. రాళ్లు పెట్టాలనుకుంటే గ్రానైట్ ముక్కలు పెట్టు, కరీంనగర్ వైపు క్వారీల పుణ్యమా అని మనకు వాటికి కొదవ లేదు. గ్రానైట్ నీళ్లలో కరగదు. పాలరాయి మాత్రం వద్దు. అయితే కంకర అంతా ఒకేరోజు మార్చకు, అందులో కూడా కాస్త బ్యాక్టీరియా చేరి ఉంటుంది. వారానికి మూడో వంతు చొప్పున మార్చు.

మొక్కల విషయంలో మన గట్టి నీళ్లకు తగ్గవి ఎంచుకో. వాలిస్నేరియా మన నీళ్లలో గడ్డిలా పెరుగుతుంది. హార్న్‌వర్ట్‌ను నాటక్కర్లేదు, నీళ్లలో వదిలేస్తే చాలు. జావా ఫెర్న్, అనూబియాస్‌లను రాయికి దారంతో కట్టు, వేరు మొదలు ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. పైన తేలే మొక్క తప్పకుండా ఉండాలి, అంతరతామర చాలు. దాని వేళ్లు కిందికి వేలాడుతుంటే చెర్రీలు వాటి మధ్య తిరగడం ఎంతో ఇష్టపడతాయి. చెరువుల నుంచి హైడ్రిల్లా తెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఉచితమే, బాగానే బతుకుతుంది. కానీ దానితో పాటు జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల చిన్న చేపను పట్టి తినేస్తుంది. తెచ్చినదాన్ని విడిగా టబ్బులో రెండు వారాలు ఉంచి, రోజూ చూస్తూ, ఆ తర్వాతే వెయ్యి. లైటు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు.

వీటన్నిటికన్నా చవకైనది బాదం ఆకు. మన వీధుల్లో నీడ కోసం పెంచే బాదం చెట్టు ఉంటుంది కదా, దానికదే ఎర్రబడి రాలి, బాగా ఎండి గోధుమరంగు తిరిగిన ఆకు. పచ్చి ఆకు కోయకు. రోడ్డు పక్కన పొగ, దుమ్ము పట్టిన చెట్టు కన్నా ఇంటి ఆవరణలో, మందులు కొట్టని చెట్టు ఆకు మంచిది. కడిగి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ట్యాంకులో వేస్తే ఒకటి రెండు రోజుల్లో మునిగి అడుగున పడుతుంది. నీళ్లు లేత టీ రంగులోకి వస్తాయి. నీ ట్యాంకుకు ఒకటి రెండు ఆకులు సరిపోతాయి. ఆకు జల్లెడలా చిల్లులు పడ్డాక తీసేసి కొత్తది వెయ్యి. దీనివల్ల పీహెచ్ బాగా దిగుతుందని కొందరు చెప్తారు. మన గట్టి బోరు నీళ్లలో అంత దిగదు, ఆశ పెట్టుకోవద్దు. అయినా వెలుతురు మెత్తబడుతుంది, అడుగు చీకటిగా అవుతుంది, ఆకు మీద పెరిగే సన్నటి జీవుల్ని చేపలు ఏరుకు తింటాయి. నీళ్లు టీ రంగులో ఉంటే మురికి అనుకుని ఇంట్లోవాళ్లు మార్చెయ్యమంటారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచు.

నీళ్ల గురించి ఇంకో రెండు మాటలు. చెర్రీ బార్బ్ పీహెచ్ 6 నుంచి 8 దాకా సర్దుకుంటుంది. ఇప్పుడు షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే కాబట్టి గట్టి నీళ్లలోనూ బతుకుతాయి. నీ బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 400 లోపు ఉంటే అలాగే వాడుకో. 700, 800 ఉంటే సగం ఆర్‌ఓ నీళ్లు కలుపు. ఉత్త ఆర్‌ఓ నీళ్లు మాత్రం పోయొద్దు, అందులో చేపకు కావలసిన లవణాలు ఉండవు, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లను వృథా పోనివ్వకూడదని ట్యాంకులో పోసేవాళ్లున్నారు. వాటిలో లవణాలు బోరు నీళ్ల కంటే ఎక్కువ. వాటితో ఇల్లు తుడుచుకో. నల్లా నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యాలి, లేదా వెడల్పాటి టబ్బులో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఆడించాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కదా అని నేరుగా పోయకు. భూమి లోపలి నుంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అవి కూడా ఒక రాత్రి గాలి ఆడాకే పోయాలి.

నాలుగూ ఎర్రగా ఉన్నవే ఏరుకున్నానన్నావు. అక్కడ చిన్న తేడా జరిగింది. ఎర్రగా ఉండేవి మగవి. ఆడవి లేత గోధుమరంగులో, పక్కన నల్లటి చారతో, పొట్ట గుండ్రంగా ఉంటాయి. అన్నీ మగవే అయితే ఒకదానికొకటి పోటీ. బలమైనది ఎరుపు నిలుపుకుంటుంది, తగ్గినవి తెల్లబోయి మూలకు చేరతాయి. మగవాటిలో పట్టుదల ఉంటుంది కానీ టైగర్లలాగా కొరకవు. పక్కపక్కన నిలబడి, రెక్కలన్నీ విప్పి, గుండ్రంగా తిరుగుతూ ఎవరిది ఎక్కువ ఎరుపో చూపించుకుంటాయి. నీళ్లు మార్చిన మర్నాడు పొద్దున, లైటు వెయ్యకముందు కిటికీ వెలుతురులో చూడు. తోక మొదలు నుంచి బుగ్గల దాకా దానిమ్మ గింజ రంగు తిరుగుతాయి. ఆ చూపులాట చూడటానికి ఆడవి ఉంటేనే మగవాటికి అంత హుషారు. మగ ఒకటికి ఆడవి రెండు ఉండాలి. నీ ట్యాంకు 24, 12, 15 అంగుళాలంటే నిండుగా 70 లీటర్లు. ఇసుక, పైన ఖాళీ పోను 60 లోపు. అందులో ఎనిమిది చెర్రీలు హాయిగా ఉంటాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక ముందు మూడు, రెండు వారాలు ఆగి ఇంకో మూడు తెచ్చుకో. అన్నీ కలిపి మగవి మూడు, ఆడవి అయిదు అయ్యేలా ఏరు. షాపులో గోధుమరంగువి ఏరుతుంటే షాపాయన వింతగా చూస్తాడు, చూడనీ.

పక్కన ఇంకేమైనా వేయాలంటే గప్పీలు, ప్లాటీలు మన నీళ్లకు నప్పుతాయి. అడుగున తిరగడానికి చిన్న కోరిడోరాస్‌లు ఐదారు, అవీ చెర్రీలు కుదురుకున్నాకే. గోల్డ్ ఫిష్, పెద్ద ఏంజిల్, ఆస్కర్ ఈ ట్యాంకు దరిదాపులకు రావద్దు.

మేతకు పెద్ద హంగామా అక్కర్లేదు. నోరు చాలా చిన్నది కాబట్టి గింజల మేతను వేళ్ల మధ్య నలిపి వెయ్యి. స్పిరులినా ఉన్న మేత రోజువారీకి, వారానికి రెండు మూడుసార్లు గడ్డకట్టించిన ఆర్టీమియా లేదా డాఫ్నియా (రొయ్యల్లాంటి సన్నటి నీటి జీవులు). ఎరుపుకు మూలమైన కెరోటినాయిడ్లు వీటిలో ఉంటాయి. బెదురు పోయాక ఈ మేత పనిచేస్తుంది, బెదురు పోకముందు ఎంత ఖరీదు మేత వేసినా రంగు ఎక్కదు. వారానికొక రోజు పస్తు ఉంచినా ఏమీ కాదు.

ఇక ఎండాకాలం. వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 44 డిగ్రీలు మామూలే. ఈ చేపకు 23 నుంచి 27 డిగ్రీలు సుఖం. 30 దాకా కొన్ని రోజులు తట్టుకుంటుంది. పైఅంతస్తులో, ఎండ తగిలే గోడ పక్కన ఉన్న ట్యాంకులో నీళ్లు 33 కూడా దాటుతాయి. వేడి ఒక్కటే కాదు, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పట్టేది 32 దగ్గర 7.3కు పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో వేగం పెరిగి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. చేపలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే అదే కారణం.

మూత తీసేసి నీటి మీద పలచటి జాలీ పరువు, చెర్రీలు అప్పుడప్పుడు ఎగురుతాయి. నీటి మట్టం మీదికి చిన్న టేబుల్ ఫ్యాను ఏటవాలుగా పెట్టు. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. గాలిలో చెమ్మ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో ఇది అంత పనిచేయదు, మనకు పనిచేస్తుంది. ఆవిరైన నీళ్ల బదులు ఆర్‌ఓ నీళ్లు పొయ్యి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. రోజూ బోరు నీళ్లే పోస్తూ పోతే మే నెలాఖరుకు టీడీఎస్ బాగా పెరిగిపోతుంది. ఐస్ ముక్కలు కుమ్మరించకు. మరీ అవసరమైతే గడ్డకట్టించిన అరలీటరు బాటిల్ ఒక్కటి తేలేసి, గంటకు ఒక డిగ్రీ కన్నా ఎక్కువ దిగకుండా చూసుకో. నీళ్లు మార్చడం తెల్లవారుజామునే. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి, ఆ నల్లా తిప్పి పోశావంటే అంతే సంగతులు.

కరెంటు పోయినప్పుడు చార్జింగ్ ఎయిర్ పంపు ఒకటి చేతిలో ఉండాలి. నీ దగ్గర ఉన్న ఫిల్టర్ కన్నా, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఈ చేపకు నయం. ఖర్చు తక్కువ, నీటి ఉరవడి ఉండదు, చార్జింగ్ పంపుతోనూ నడుస్తుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు: దోమలకు, బొద్దింకలకు కొట్టే స్ప్రేల్లో వాడే పైరెథ్రాయిడ్ మందులు చేపలకు ఘోరమైన విషం. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది. ఆ గదిలో స్ప్రే వద్దు. తప్పదంటే పంపు ఆపి, ట్యాంకు మీద తడిబట్ట పూర్తిగా కప్పి, గాలి మారాకే మళ్లీ తీయి.

చలికాలం మనకు అంత బెడద కాదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు నీళ్లు 20 డిగ్రీలకు పడిపోతుంటే 50 వాట్ల హీటర్ 24 దగ్గర పెట్టుకో. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకు హీటర్ తప్పనిసరి. ఒక్కసారిగా చల్లబడితే తెల్ల చుక్కల జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

పిల్లలు పెడతాయా అని కూడా చివర్లో అడిగావు. పెడతాయి, నువ్వేమీ చేయకపోయినా. నాచు గుబుర్లలో గుడ్లు చల్లుతాయి, ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. గుడ్లను తల్లిదండ్రులే తినేస్తాయి. గుబురు దట్టంగా ఉంటే మాత్రం ఒకటో రెండో పిల్లలు తప్పించుకుని, ఎప్పుడో ఒకరోజు ఆకుల కింద కనిపిస్తాయి. అంతకు మించి కావాలంటే వేరే చిన్న ట్యాంకు, జావా మాస్, ఆర్టీమియా పిల్లలు కావాలి. నీ ట్యాంకు కుదురుకున్నాక అడుగు, వివరంగా రాస్తాను.

బకెట్లో ఉన్న టైగర్లను వడ్డేపల్లి చెరువులోనో ఇంకెక్కడైనానో వదలొద్దు. ఇది గట్టిగానే చెప్తున్నాను. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేప తెలుగునాట చెరువుల్లో దయ్యం చేప అనిపించుకుని మత్స్యకారుల వలలు చింపుతోంది. మన చెర్రీ బార్బే సొంత దేశం దాటి కొలంబియా, మెక్సికో నీళ్లలో స్థిరపడిపోయింది. టైగర్లలో తప్పేమీ లేదు, మూడడుగుల ట్యాంకులో పది కలిసి ఉంటే వాటిలో అవే తేల్చుకుంటూ చక్కగా ఉంటాయి. కొన్న షాపులోనే అడుగు, చాలామంది డబ్బులివ్వకపోయినా తిరిగి తీసుకుంటారు. వాళ్లు కాదంటే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చెయ్యి. అప్పటిదాకా ఆ బకెట్లో కూడా ఒక ఎయిర్ స్టోన్ పెట్టి, రోజూ సగం నీళ్లు మార్చు. బకెట్ మీద మూత కాకుండా జాలీ కట్టు.